ఇంట్లో కంప్యూటర్లన్నీ నాస్‌లోకి బ్యాకప్: పెట్టుకోవడం నుంచి తిరిగి తెచ్చుకోవడం దాకా

మీ లాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ ఇవాళ రాత్రి పోయిందనుకోండి. పాత హార్డ్ డిస్క్‌లా టిక్ టిక్‌మని చప్పుడు చేసి ముందే చెప్పడం చాలాసార్లు ఉండదు, నిన్నటిదాకా బాగానే ఉన్నది ఇవాళ బయోస్‌లో కనిపించదు, అంతే. అప్పుడు రేపు సాయంత్రానికల్లా మీకేం కావాలి? కొత్త ఎస్‌ఎస్‌డీ బిగించి, ఒక పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేసి, రౌటర్ నుంచి కేబుల్ గుచ్చితే, ఒకటి రెండు గంటల్లో నిన్నటి డెస్క్‌టాప్ నిన్నటిలాగే తిరిగి రావాలి. ఈ మార్గదర్శి మొత్తం ఆ సాయంత్రం కోసమే. నాస్ అంటే ఇంటి నెట్‌వర్క్‌కి కలిపి ఉంచే డిస్కుల పెట్టె, ఇంట్లో కంప్యూటర్లన్నీ తమ బ్యాకప్ అందులోకి పంపుతాయి. ఏం కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలి అన్నవన్నీ అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే చాలా ప్రశ్నలకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

"ఫొటోలు గూగుల్‌లో ఉన్నాయి, ఫైళ్లు వన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, ఇంకెందుకు?" అంటారు చాలామంది. అది సింక్, బ్యాకప్ కాదు. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది, వన్‌డ్రైవ్ పర్సనల్ అకౌంట్ రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. పైగా ప్రోగ్రాములు, సెట్టింగులు, ప్రింటర్ డ్రైవర్లు ఏవీ అందులో ఉండవు. ఇంట్లోనే డీటీపీ చేసేవాళ్లనో, టాలీలో నలుగురి లెక్కలు రాసేవాళ్లనో అడగండి. అను ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్, ఎప్పటిదో పేజ్‌మేకర్, దాని సీడీ ఎక్కడుందో తెలియదు. వాళ్లకు ఫైళ్లు ఒక్కటే వస్తే సరిపోదు, కంప్యూటర్ కంప్యూటర్‌గా రావాలి. దీన్నే ఇమేజ్ బ్యాకప్ అంటారు.

ఏం కొనాలి

రెండు డిస్కులు పట్టే నాస్ ఒకటి, అందులోకి ఒకే సైజు డిస్కులు రెండు. సైనాలజీ, క్యూనాప్, ఆసస్టర్ ఏదైనా ఫర్వాలేదు. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే అటక మీదున్న పాత డెస్క్‌టాప్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ వేసుకోవచ్చు, ఉచితం, డెబియన్ మీద నడుస్తుంది. కాకపోతే పాత డెస్క్‌టాప్ రోజంతా ఆన్‌లో ఉంటే కరెంటు బిల్లు ఎంత పెరుగుతుందో ముందే లెక్కేసుకోండి, చిన్న నాస్ అంతకంటే చాలా తక్కువ తాగుతుంది.

డిస్క్ ఎంత సైజు? అన్ని కంప్యూటర్లలో ఎంత నిండి ఉందో కూడండి. ఒకదాంట్లో 300 జీబీ, ఇంకోదాంట్లో 200, పిల్లల దాంట్లో 150 అనుకుంటే మొత్తం 650 జీబీ. నెల రోజుల మార్పులు కూడా దాచాలి కాబట్టి దానికి రెండింతలు, అంటే 1.3 టీబీ చూసుకోండి. పెళ్లి వీడియోల లాంటి బరువైనవి ఉంటే అవి వేరే. 4 టీబీ డిస్కులు రెండు మిర్రర్‌లో, అంటే ఒకటే డేటా రెండింటి మీదా రాసేలా పెడితే మామూలు కుటుంబానికి కొన్నేళ్లు చూసుకోనక్కర్లేదు.

డిస్క్ కొనేటప్పుడు సీఎంఆర్ రకమో కాదో చూడండి. డేటా వరసల్ని విడివిడిగా రాసేది సీఎంఆర్, పెంకుల్లా ఒకదాని మీదొకటి కొంచెం కప్పుతూ రాసేది ఎస్‌ఎంఆర్. ఎస్‌ఎంఆర్ రకం డిస్కులు ఏకధాటిగా రాయాల్సి వచ్చినప్పుడు నత్తనడక నడుస్తాయి, రెయిడ్‌లో (మిర్రర్ లాగా డిస్కుల్ని జతచేసిన ఏర్పాటులో) ఒక డిస్క్ పోయి కొత్తది పెట్టినప్పుడు మరీ ఇబ్బంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవే అయింది, ఆ తర్వాతే సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని పేరు వేరు చేశారు. రెడ్ ప్లస్ కానీ సీగేట్ ఐరన్‌వుల్ఫ్ కానీ తీసుకుంటే ఈ బెడద లేదు.

ఇంకొకటి, మిర్రర్ ఉంది కదా అని అదే బ్యాకప్ అనుకోకండి. మిర్రర్ ఒక డిస్క్ చెడిపోతే ఆదుకుంటుంది. ఫైలు డిలీట్ చేస్తే రెండు డిస్కుల్లోంచీ అదే క్షణంలో పోతుంది.

కేబుల్, కరెంటు, ఎండ

మొదటి బ్యాకప్, ఫుల్ రీస్టోర్ రెండూ కేబుల్ మీదే చేయండి, వైఫై మీద కాదు. గిగాబిట్ లైన్‌లో సెకనుకి దాదాపు 110 ఎంబీ వెళ్తుంది, అంటే 300 జీబీకి ముప్పావు గంట. అదే 100 ఎంబీపీఎస్ లైన్ అయితే సెకనుకి 11 ఎంబీ, అదే పనికి ఏడున్నర గంటలు. రౌటర్ పోర్టు గిగాబిట్ అవునో కాదో చూడండి, ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే చవక రౌటర్లలో 100 పోర్టులే ఉండటం మామూలు. కాకపోతే ఒక గిగాబిట్ స్విచ్ కొని నాస్‌నీ కంప్యూటర్‌నీ దానికి కలపండి.

కేబుల్ కొసన ఉండే ప్లాస్టిక్ ప్లగ్‌ని వెలుతురులో పెట్టి చూడండి, రంగు రంగుల తీగలు ఎనిమిదీ కనిపించాలి. కేబుల్ లాగడానికి వచ్చినవాళ్లు తొందరలో నాలుగు తీగలే క్రింప్ చేసి వెళ్లిపోతుంటారు. ఇంటర్నెట్ బాగానే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, కానీ ఆ లైన్ 100 దాటదు. విండోస్‌లో ఈథర్‌నెట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి లింక్ స్పీడ్ చూస్తే 1000/1000 అని ఉండాలి, 100/100 అని ఉంటే ముందు తీగల్ని అనుమానించండి.

కరెంటు పోయినప్పుడు నాస్ టక్కున ఆగిపోకూడదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, అది మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు నుంచి బ్యాటరీకి మారేలోపు నాస్ రీస్టార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అటు పెట్టండి. ఇంతకంటే మంచిది నాస్‌కి విడిగా చిన్న యూపీఎస్, అదీ యూఎస్‌బీ పోర్టు ఉన్నది. ఆ పోర్టు నాస్‌కి కలిపితే బ్యాటరీ అయిపోవచ్చేసరికి నాస్ తనంతట తాను పద్ధతిగా ఆగిపోతుంది. చిన్న మోడల్స్‌లో చాలావాటికి ఆ పోర్టు ఉండదు, అడిగి మరీ కొనండి.

రామగుండం, రెంటచింతల ఎండల్లో నాస్‌ని టీవీ కింద అల్మారాలో పెట్టి తలుపేయొద్దు. డిస్క్ ఉష్ణోగ్రత నాస్ స్క్రీన్‌లోనే కనిపిస్తుంది, 50 డిగ్రీల లోపు ఉండేలా గాలి తగిలే చోట పెట్టండి.

నాస్‌ని సిద్ధం చేయడం

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే, ఎందుకంటే కంప్యూటర్‌కి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) పడితే మీ బ్యాకప్ బతికి ఉంటుందా లేదా అన్నది ఇక్కడ చేసే నాలుగు సెట్టింగుల మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు రౌటర్‌లో నాస్‌కి ఒక ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) ఖాయం చేయండి, ఉదాహరణకి 192.168.1.50. రౌటర్ పేజీలో దీన్ని అడ్రస్ రిజర్వేషన్ అంటారు. పేరుతో వెతికితే రికవరీ సమయంలో ఒక్కోసారి దొరకదు, అంకెలైతే దొరుకుతుంది.

తర్వాత ఒక్కో కంప్యూటర్‌కి ఒక్కో యూజర్, ఒక్కో షేర్డ్ ఫోల్డర్ చేయండి. నాన్నగారి లాప్‌టాప్ యూజర్‌కి నాన్నగారి ఫోల్డర్ తప్ప ఇంకోటి కనిపించకూడదు. ఈ యూజర్ పాస్‌వర్డ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే ఇవ్వాలి. విండోస్‌లో ఆ ఫోల్డర్‌ని జెడ్ డ్రైవ్ అనో వై డ్రైవ్ అనో మ్యాప్ చేసి పెట్టుకోవద్దు. మ్యాప్ చేశారంటే మీకెంత సులువుగా కనిపిస్తుందో వైరస్‌కీ అంతే సులువుగా కనిపిస్తుంది. సినిమాలు, ఫొటోలు చూసుకోవడానికి డ్రైవ్ కావాలంటే వేరే ఫోల్డర్, వేరే యూజర్ పెట్టుకోండి. నాస్ అడ్మిన్ పాస్‌వర్డ్ అయితే ఏ కంప్యూటర్‌లోనూ సేవ్ చేయొద్దు.

గెస్ట్ యాక్సెస్ (పాస్‌వర్డ్ లేకుండా లోపలికి రావడం) ఆపేయండి, కొత్త విండోస్ 11 ప్రో ఎలాగూ గెస్ట్‌ని ఒప్పుకోదు. నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతిలో పాతదైన ఎస్‌ఎంబీ 1 కూడా ఆపేయండి, కనీసం ఎస్‌ఎంబీ 2 ఉండాలి. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఆ పాత ఎస్‌ఎంబీ 1లో ఉన్న లోపం వల్లే, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి.

నాస్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవొద్దు. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి నాస్‌కి దారి తెరవడం) వద్దు, ఆ దారిని అడగకుండానే తెరిచే యూపీఎన్‌పీ కూడా ఆఫ్. 2021లో క్యూలాకర్, 2022లో డెడ్‌బోల్ట్ అని వచ్చిన రాన్సమ్‌వేర్లు ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న క్యూనాప్ నాస్‌లనే వెతికి పట్టుకున్నాయి. బయటి నుంచి తప్పనిసరిగా కావాలంటే వీపీఎన్ (ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి) పెట్టుకోండి.

చివరిది స్నాప్‌షాట్లు. నాస్‌లో వాల్యూమ్ (డిస్కుల మీద చేసిన నిల్వ) ఫైల్ సిస్టమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కానీ జెడ్‌ఎఫ్‌ఎస్ కానీ అయితే రోజుకొకటి చొప్పున రెండు వారాల స్నాప్‌షాట్లు ఉంచండి. స్నాప్‌షాట్ అంటే ఆ ఫోల్డర్ ఆ క్షణంలో ఎలా ఉందో దాని ముద్ర, కంప్యూటర్ వైపు నుంచి దాన్ని చెరపడం కుదరదు. బ్యాకప్ ఫైలునే ఎవరైనా పాడుచేసినా నిన్నటి ముద్రకి వెనక్కి వెళ్లొచ్చు. నాస్ సాఫ్ట్‌వేర్‌లో ఇమ్యూటబుల్ అనే ఆప్షన్ ఉంటే అదీ టిక్ పెట్టండి, గడువు దాకా అడ్మిన్ కూడా చెరపలేడు.

విండోస్ కంప్యూటర్లు

విండోస్‌లోనే ఉన్న పాత బ్యాకప్ అండ్ రీస్టోర్ వాడొచ్చు కదా అంటే, నేను వద్దంటాను. అందులోని సిస్టమ్ ఇమేజ్‌ని మైక్రోసాఫ్ట్ 2017లోనే పక్కన పెట్టేసింది, పైగా నెట్‌వర్క్ ఫోల్డర్‌లోకి తీస్తే ఒక్క ఇమేజే ఉంచుతుంది, కొత్తది పాతదాని మీద రాసేస్తుంది. ఇదే మైక్రోసాఫ్ట్ 2007లో విండోస్ హోమ్ సర్వర్ అని తెచ్చింది, ఇంట్లో కంప్యూటర్లన్నిటినీ రాత్రిపూట దానంతటదే బ్యాకప్ తీసుకునేది, డిస్క్ పోతే సీడీ పెట్టి మొత్తం వెనక్కి తెచ్చుకునేవాళ్లు. 2011 ఎడిషన్‌తో ఆపేశారు. ఇంటి అవసరాన్ని అంత బాగా పట్టుకున్నది మళ్లీ వాళ్ల నుంచి రాలేదు.

ఇప్పుడు ఏ నాస్ ఉన్నా పనిచేసేది వీమ్ ఏజెంట్ ఫర్ మైక్రోసాఫ్ట్ విండోస్, ఫ్రీ ఎడిషన్. ఈమెయిల్ ఇచ్చి డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఇన్‌స్టాల్ అయ్యాక కొత్త జాబ్ మొదలుపెట్టండి.

బ్యాకప్ మోడ్ అడిగినప్పుడు ఎంటైర్ కంప్యూటర్ ఎంచుకోండి. ఎక్స్‌టర్నల్ యూఎస్‌బీ డ్రైవులు కలిపే టిక్ అక్కర్లేదు. డెస్టినేషన్ దగ్గర షేర్డ్ ఫోల్డర్. పాత్ టైప్ చేసేటప్పుడు రెండు బ్యాక్‌స్లాష్‌లు, నాస్ ఐపీ, ఇంకో బ్యాక్‌స్లాష్, ఫోల్డర్ పేరు. కింద క్రెడెన్షియల్స్ టిక్ పెట్టి ఇందాక చేసిన ఆ కంప్యూటర్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. ఎన్ని రోజులు ఉంచాలి అంటే 30 ఇవ్వండి. వారం సరిపోదు, ఎందుకంటే ఫైలు పోయిన సంగతి మనకు తెలిసేసరికే రెండు వారాలు గడిచిపోతుంటాయి.

అడ్వాన్స్‌డ్‌లో రెండు పనులు. ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి పాస్‌వర్డ్ పెట్టండి, ఎందుకంటే మీ సీ డ్రైవ్‌కి బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కి వేసే తాళం) ఉన్నా విండోస్ నడుస్తుండగా తీసిన బ్యాకప్‌లో డేటా తాళం లేకుండానే వెళ్తుంది, నాస్‌ని ఎవరైనా ఎత్తుకుపోతే అంతా వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఈ పాస్‌వర్డ్ పోతే మాత్రం ఎవరూ తెరవలేరు, కాబట్టి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. రెండోది మెయింటెనెన్స్‌లో హెల్త్ చెక్, నెలకోసారి. మొదటి ఫుల్ బ్యాకప్ ఫైలు మీదే తర్వాతి రోజుల మార్పులన్నీ ఆధారపడతాయి కాబట్టి అది చెడిపోతే ముందే తెలియాలి.

షెడ్యూల్ దగ్గర చాలామంది అర్ధరాత్రి పెడతారు. డెస్క్‌టాప్‌కి సరే. లాప్‌టాప్ అర్ధరాత్రి మూసి సంచిలో ఉంటుంది. అది రోజూ ఏ వేళకి తెరిచి ఉంటుందో చూసి, మధ్యాహ్నం భోజనం టైమో, సాయంత్రం టీ టైమో పెట్టండి. ఆ వేళకి ఆఫ్‌లో ఉంటే ఆన్ చేయగానే బ్యాకప్ తీసే ఆప్షన్ కూడా ఎంచుకోండి. మొదటిసారి కేబుల్ మీద మొత్తం వెళ్తుంది, రెండోరోజు నుంచి మారిన బ్లాకులే కాబట్టి వైఫై మీద కూడా కాసేపట్లో అయిపోతుంది.

మీది సైనాలజీ ప్లస్ సిరీస్ అయితే ఇంకో మంచి దారి ఉంది, యాక్టివ్ బ్యాకప్ ఫర్ బిజినెస్. లైసెన్సు ఉచితం, సైనాలజీ అకౌంట్‌తో యాక్టివేట్ చేయాలి, వాల్యూమ్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయ్యుండాలి. కంప్యూటర్‌లో చిన్న ఏజెంట్ వేస్తే చాలు, షెడ్యూల్, ఎన్ని కాపీలు, ఏ కంప్యూటర్‌కి ఎప్పుడు అయింది అన్నీ నాస్ స్క్రీన్ మీద ఒకేచోట కనిపిస్తాయి. ఇంట్లో మూడు నాలుగు కంప్యూటర్లు ఉండి, వాటన్నిటి బాధ్యతా మీ ఒక్కరి మీదే ఉంటే నేను దీనికే ఓటేస్తాను. చవక జె సిరీస్ మోడల్స్‌లో ఇది రాదు, కొనేముందే చూసుకోండి.

మ్యాక్ ఉంటే

ఇది తేలిక. నాస్‌లో ఒక ఫోల్డర్ చేసి, ఫైల్ సర్వీసెస్‌లో ఎస్‌ఎంబీ మీద టైమ్ మెషీన్ (మ్యాక్‌లోనే ఉండే బ్యాకప్ ప్రోగ్రాము) ఆన్ చేసి, మ్యాక్‌లో ఆ డిస్క్ ఎంచుకుని ఎన్‌క్రిప్ట్ టిక్ పెట్టండి. ఆ ఫోల్డర్‌కి కోటా (ఇంతకు మించి వాడకూడదనే హద్దు) తప్పకుండా పెట్టాలి, మ్యాక్‌లో ఉన్న డిస్క్‌కి రెండింతలు చాలు, లేదంటే టైమ్ మెషీన్ ఖాళీ ఉన్నంతవరకూ నింపుకుంటూ పోయి మిగతా కంప్యూటర్లకు చోటు లేకుండా చేస్తుంది. గంటగంటకీ తీసినవి ఒక రోజు, రోజువారీవి ఒక నెల, వారానికొకటి చొప్పున అంతకు ముందువి ఉంచుతుంది. నెట్‌వర్క్ మీద తీసే టైమ్ మెషీన్ బ్యాకప్ అప్పుడప్పుడు పాడవుతుంటుంది. ఆప్షన్ కీ నొక్కిపట్టి పైన మెనూ బార్‌లో టైమ్ మెషీన్ ఐకాన్ క్లిక్ చేస్తే వెరిఫై బ్యాకప్స్ వస్తుంది, నెలకోసారి చూడండి.

రికవరీ పెన్‌డ్రైవ్

బ్యాకప్ పచ్చగా సక్సెస్ అని చూపించగానే చాలామంది ఆగిపోతారు. ఈ పెన్‌డ్రైవ్ లేకుండా అదంతా సగం పనే. వీమ్‌లో క్రియేట్ రికవరీ మీడియా అని ఉంటుంది, సైనాలజీ అయితే రికవరీ మీడియా క్రియేటర్ విడిగా దించుకోవాలి. ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ పెట్టండి, అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది.

ఈ కంప్యూటర్ డ్రైవర్లు కూడా కలపాలా అని అడిగినచోట తప్పకుండా కలపండి. సన్నటి లాప్‌టాప్‌లకు ఇప్పుడు ల్యాన్ పోర్టే ఉండటం లేదు, యూఎస్‌బీ నుంచి ఈథర్‌నెట్ అడాప్టర్ వాడాల్సిందే. పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడే ఆ అడాప్టర్ గుచ్చి ఉంచండి, అప్పుడే దాని డ్రైవర్ కూడా పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది. లేదంటే అవసరమైన రోజు రికవరీ స్క్రీన్ వస్తుంది, నెట్‌వర్క్ మాత్రం రాదు. అలాగే ఇంటెల్ 11వ తరం తర్వాత చాలా లాప్‌టాప్‌లలో వీఎండీ అనే డిస్క్ కంట్రోలర్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటుంది, దాని డ్రైవర్ లేకపోతే రికవరీ స్క్రీన్‌కి ఎస్‌ఎస్‌డీయే కనిపించదు.

తయారయ్యాక వెంటనే ఆ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ ఆన్ చేసి చూడండి. నాస్‌కి కనెక్ట్ అవుతోందా, బ్యాకప్ తేదీలు వరసగా కనిపిస్తున్నాయా, లోపలి డిస్క్ కనిపిస్తోందా? మూడూ అవునంటే రీస్టోర్ నొక్కకుండా బయటికి వచ్చేయండి. పావుగంట పని, కానీ రీస్టోర్‌లో వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే బయటపడతాయి. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు ఏడాదికోసారి అసలు డిస్క్ విప్పి పక్కన పెట్టి, ఖాళీ ఎస్‌ఎస్‌డీ ఏదైనా బిగించి నిజంగానే రీస్టోర్ చేసి చూస్తే ఇంకా ధైర్యం. రెండు డిస్కులూ ఒకేసారి తగిలించొద్దు, ఏది ఏదో మనకీ విండోస్‌కీ గందరగోళం.

ఇంటి బయట ఒక కాపీ

3-2-1 అంటారు కదా, మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. పీటర్ క్రో అనే ఫొటోగ్రాఫర్ వల్ల ప్రచారంలోకి వచ్చిన సూత్రం ఇది. దొంగతనం, వరద, షార్ట్ సర్క్యూట్, వీటిలో ఏది వచ్చినా కంప్యూటర్, నాస్ రెండూ ఒకే ఇంట్లో ఉంటే రెండూ పోతాయి. ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండు తీసుకుని, నాస్ వెనక యూఎస్‌బీకి కలిపి కాపీ తీసి, ఒకటి అత్తగారింట్లోనో, అన్నయ్య వాళ్లింట్లోనో ఉంచి, వెళ్లినప్పుడల్లా మార్చుకుంటూ ఉండండి. పాసుపుస్తకాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు, ఫొటోలు లాంటి మళ్లీ దొరకని వాటికి క్లౌడ్‌లో కూడా ఎన్‌క్రిప్ట్ చేసిన కాపీ పెట్టండి. మొత్తం ఇమేజ్‌లు క్లౌడ్‌కి ఎక్కించడం ఇంటి అప్‌లోడ్ స్పీడ్‌కి దండగ.

తిరిగి తెచ్చుకోవడం

ఒక్క ఫైలే పోతే పెన్‌డ్రైవ్ అక్కర్లేదు. వీమ్‌లో రీస్టోర్ ఫైల్స్ నొక్కి, తేదీ ఎంచుకుంటే ఆనాటి డ్రైవ్ ఫోల్డర్ల లాగే తెరుచుకుంటుంది. కావాల్సింది కాపీ చేసి వేరే చోట పెట్టుకుని, తెరిచి చూసి, అప్పుడే అసలు చోటికి తెండి. నేరుగా పాతదాని మీద రాయొద్దు.

మొత్తం డిస్క్ పోతే వరస ఇదీ. పాతదాని సైజుకి తగ్గని ఎస్‌ఎస్‌డీ బిగించండి. కేబుల్ కలిపి, పెన్‌డ్రైవ్‌ని బూట్ మెనూలో యూఈఎఫ్‌ఐ అని రాసి ఉన్న వరసలోంచే ఎంచుకోండి, లెగసీ అనే పాత పద్ధతిలో తెరిస్తే రీస్టోర్ అయ్యాక కంప్యూటర్ లేవకపోవచ్చు. నాస్ ఐపీ, యూజర్, పాస్‌వర్డ్, తర్వాత ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్. తేదీ ఎంచుకునేటప్పుడు ఆలోచించండి. డిస్క్ పాడైతే ఆఖరిది చాలు. రాన్సమ్‌వేర్ అయితే ఆఖరిది కాదు, ఇబ్బంది మొదలు కాకముందు తేదీ. ఆ పరిస్థితిలో పాడైన కంప్యూటర్‌ని విండోస్‌లో ఆన్ చేసి నాస్ ఉన్న నెట్‌వర్క్‌కి అసలు కలపొద్దు, ఇంట్లో మిగతావి శుభ్రంగా ఉన్నాయని తేలేదాకా వాటినీ కలపొద్దు. తర్వాత ఎంటైర్ కంప్యూటర్ ఎంచుకుని, ఏ డిస్క్ మీద రాస్తోందో సైజు చూసి రూఢి చేసుకుని మొదలుపెట్టండి. ఇంకో డిస్క్‌లో డేటా ఉంటే ముందే విప్పేయడం మేలు.

అయిపోయి విండోస్ లేచాక పనులు కొన్ని మిగులుతాయి. డిస్క్ మాత్రమే మార్చితే యాక్టివేషన్ మామూలుగా అలాగే ఉంటుంది, మదర్‌బోర్డు మారితే విండోస్, టాలీ లాంటివి మళ్లీ యాక్టివేట్ చేయాల్సి రావచ్చు. బిట్‌లాకర్ ఆఫ్ అయ్యుంటుంది, మళ్లీ ఆన్ చేసి కొత్త రికవరీ కీ ప్రింట్ తీసి బీరువాలో పాతది తీసేసి పెట్టండి. కొత్త ఎస్‌ఎస్‌డీ పెద్దదైతే మిగిలిన ఖాళీ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో విడిగా కనిపిస్తుంది, సీ డ్రైవ్‌ని పొడిగించండి. ఆఖరున బ్యాకప్ జాబ్‌ని చేత్తో ఒకసారి నడపండి. డిస్క్ కొత్తది కాబట్టి ఈసారి మొత్తం చదువుతుంది, కేబుల్ అప్పుడే పీకేయకండి.